పెన్‌డ్రైవ్‌లో రస్ట్‌డెస్క్: నాలుగేళ్లు వాడాక

"అన్నా, బిల్లు ప్రింట్ కావట్లేదు. కౌంటర్ ముందు జనం నిలబడ్డారు."

సాయంత్రం ఏడు దాటాక నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. నరసరావుపేట చుట్టుపక్కల మెడికల్ షాపులు, ఎరువుల కొట్లు, రెండు రైస్ మిల్లుల్లో బిల్లింగ్ కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఇదివరకు ఇలాంటి ఫోన్ వస్తే బండి తీయాల్సిందే. సత్తెనపల్లి దాకా వెళ్లి చూస్తే ప్రింటర్ క్యూలో పాత బిల్లు ఒకటి ఇరుక్కుని ఉండేది. పని రెండు నిమిషాలు, పోనూ రానూ మాత్రం సాయంత్రమంతా పోయేది.

ఇప్పుడు "ఆ ఎర్ర పెన్‌డ్రైవ్ పెట్టు తమ్ముడూ" అంటాను. ప్రతి షాపులో కౌంటర్ కింద మేకుకు ఒకటి వేలాడుతూ ఉంటుంది. అందులో రస్ట్‌డెస్క్ అనే రిమోట్ సాఫ్ట్‌వేర్ (దూరం నుంచే ఇంకో కంప్యూటర్ నడపడానికి) ఉంటుంది, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. కుర్రాడు దాన్ని డబుల్ క్లిక్ చేసి, తెర మీద కనిపించే నంబరు, ఆ పూటకి వచ్చిన పాస్‌వర్డు చదివి చెబుతాడు. నేను ఇంట్లోంచే పని చేసేస్తాను.

ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే సరిపోదా అని నా తోటి సర్వీస్ వాళ్లు అడుగుతుంటారు. నేనూ మొదట అలాగే చేశాను. ఒక మెడికల్ షాపు ఓనర్ గారు నన్ను కూర్చోబెట్టి, "రాత్రిపూట షాపు కట్టేశాక కూడా నువ్వు లోపలికి రావచ్చా?" అని అడిగారు. రావచ్చు అన్నాను. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ మొహం చూశాక నాకే మనసొప్పలేదు. ఎవరు ఏ మందు కొన్నారో, రోజుకి ఎంత కలెక్షన్ వచ్చిందో అన్నీ ఆ మెషీన్‌లోనే ఉంటాయి. నేను రావాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉండాలి. పెన్‌డ్రైవ్ పద్ధతికి మారింది అందుకే. ఇన్నేళ్లుగా దాన్నే పట్టుకుని ఉన్నదీ అందుకే.

పేరున్న వేరే సాఫ్ట్‌వేర్ ఒకటి ముందు ఉచితంగా వాడాను. కొన్నాళ్లకి వ్యాపారానికి వాడుతున్నారంటూ మధ్యలోనే కనెక్షన్ తెంచేయడం మొదలుపెట్టింది. నాది వ్యాపారమే, కాదనను. కానీ చిన్న షాపులు ఇచ్చే డబ్బులతో ఆ లైసెన్సు కట్టడం నా వల్ల కాలేదు. రస్ట్‌డెస్క్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, పైగా సర్వర్ కూడా మనమే పెట్టుకోవచ్చు. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న క్లౌడ్ సర్వర్ ఒకటి అద్దెకు తీసుకున్నాను. అందులో రెండు ప్రోగ్రాములు నడుస్తాయి. మొదటిది నా కంప్యూటర్‌నీ షాపు కంప్యూటర్‌నీ కలుపుతుంది. నేరుగా కలవడం కుదరనప్పుడు రెండోది మధ్యలో ఉండి డేటా అందిస్తుంది. బయటి కనెక్షన్లకి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో 21115 నుంచి 21117 వరకు టీసీపీ పోర్టులు (కనెక్షన్లు వచ్చే దారులు) తెరవాలి, 21116కి యూడీపీ అనే ఇంకో రకం కూడా. ఆ యూడీపీ మర్చిపోయి ఒక ఆదివారమంతా తల పట్టుకున్నాను.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. సర్వర్ అడ్రసు, దాని కీ (సర్వర్‌ని గుర్తుపట్టే అక్షరాల వరస) ప్రోగ్రామ్ ఫైలు పేరులోనే రాసేయొచ్చు. హోస్ట్ ఈక్వల్ టు ఇది, కీ ఈక్వల్ టు ఇది అని పేరు మారిస్తే చాలు, తెరవగానే నా సర్వర్‌కే వెళ్తుంది. షాపు కుర్రాడితో సెట్టింగుల్లో ఏదీ టైప్ చేయించే పని లేదు. మొదటిసారి నాకు వచ్చిన కీలో ఏటవాలు గీత (/) ఒకటి ఉంది. విండోస్‌లో ఫైలు పేరుకి ఆ గీత పనికిరాదు. సర్వర్‌లో పాత కీ ఫైళ్లు తీసేసి రీస్టార్ట్ చేస్తే కొత్త కీ వస్తుంది. గీత లేని కీ వచ్చేదాకా అలా చేస్తూ పోవాలి. నాకు మూడోసారికి వచ్చింది.

ఇక అసలు తలనొప్పి నల్ల తెర. ఇరుక్కున్న బిల్లు తీయాలంటే ప్రింట్ స్పూలర్‌ని, అంటే ప్రింట్లని వరసలో పెట్టే విండోస్ సర్వీస్‌ని, ఆపి మళ్లీ నడపాలి. దానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. నేను క్లిక్ చేయగానే అక్కడ విండోస్ "అనుమతించాలా?" అని అడుగుతుంది, ఇక్కడ నా తెర నల్లబడిపోతుంది. ఇన్‌స్టాల్ చేయకుండా మామూలుగా నడుపుతున్న ప్రోగ్రామ్‌కి ఆ అనుమతి తెర దాకా వెళ్లే హక్కు లేదు. ఇలా ఇన్‌స్టాల్ చేయకుండా నడిచే పోర్టబుల్ రిమోట్ సాఫ్ట్‌వేర్లకి మామూలుగా ఉండే పరిమితే ఇది. మొదట్లో ఫోన్‌లో "ఎస్ కొట్టు, ఎస్ కొట్టు" అని అరిచేవాణ్ణి. ఇప్పుడు మొదట్లోనే రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోమంటాను. కుర్రాడు మర్చిపోతే నా వైపు మెనూలో ఎలివేషన్ (అడ్మినిస్ట్రేటర్ అనుమతి) అడిగే ఆప్షన్ ఉంది. అక్కడ ఒక్కసారి ఒప్పుకుంటే మిగతా పనంతా నేనే చూసుకుంటాను.

ఒక విషయంలో మాత్రం నేను చాలాకాలం పొరపాటులో ఉన్నాను. షాపు వాళ్లకి, "పని అయ్యాక పెన్‌డ్రైవ్ లాగేయండి, ఇక నేను రాలేను" అని చెప్పేవాణ్ణి. ఒకరోజు పిడుగురాళ్లలో ఎరువుల కొట్టు కుర్రాడు నేను ఇంకా లోపల ఉండగానే లాగేశాడు. నా తెర మీద ఆ కంప్యూటర్ అలాగే కనిపిస్తోంది, మౌస్ కదిలిస్తే కదులుతోంది. నాకు చెమటలు పట్టాయి. తర్వాత చూస్తే తెలిసింది, పోర్టబుల్ ఫైలు తెరవగానే సరుకంతా ఆ కంప్యూటర్‌లో ప్రోగ్రాములు తమ ఫైళ్లు దాచుకునే యాప్‌డేటాలో ఒక ఫోల్డర్‌లోకి విప్పుకుని అక్కడి నుంచి నడుస్తుంది. సెట్టింగులు, కనెక్ట్ అయిన కంప్యూటర్ల జాబితా కూడా పెన్‌డ్రైవ్‌లో కాదు, యాప్‌డేటాలోనే ఇంకో ఫోల్డర్‌లో ఉంటాయి. అన్ని షాపులకీ ఫోన్ చేసి, నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. ఇప్పుడు ప్రతి పెన్‌డ్రైవ్‌లో "ముగించు" అని ఒక బ్యాచ్ ఫైలు (కమాండ్లు వరసగా నడిపే చిన్న ఫైలు) ఉంది. ప్రోగ్రామ్‌ని ఆపి, ఆ ఫోల్డర్లు రెండూ తుడిచేస్తుంది. రస్ట్‌డెస్క్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచినప్పుడు దీన్నీ అలాగే నడపాలి. పెన్‌డ్రైవ్ లాగడం ఆ తర్వాతే.

కనెక్ట్ అయిన జాబితా వాడిన కంప్యూటర్‌లోనే మిగిలిపోతుందని తెలిశాక జిరాక్స్ సెంటర్లో, తెలియనివాళ్ల కంప్యూటర్లో కూర్చుని షాపులకి కనెక్ట్ అవడం పూర్తిగా మానేశాను.

పెన్‌డ్రైవ్‌లకి వైరస్ పట్టడం మన ఊళ్లలో కొత్త కాదు. ఫోల్డర్లన్నీ మాయమై షార్ట్‌కట్లు మిగులుతాయి. అందుకని పక్కన చిన్న లాక్ మీట ఉన్న పెన్‌డ్రైవ్‌లు కొన్నాను. మామూలు వాటికంటే ఖరీదే, దొరకడమూ కష్టమే. కానీ మీట వేస్తే దాని మీద ఏదీ రాయడం కుదరదు, ప్రోగ్రామ్ మాత్రం మామూలుగానే నడుస్తుంది. నా దగ్గరున్న ఒక్కదానికే మీట తీస్తాను, అదీ కొత్త వెర్షన్ వేసేటప్పుడే.

స్పీడ్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో తెరుచుకోవడం కాస్త ఆలస్యం, అంతే. పని జరిగేటప్పుడు షాపులో నెట్ అప్‌లోడ్ ఎంత ఉందన్నదే ముఖ్యం. వాల్‌పేపర్ తీసేసి, నాణ్యత తగ్గిస్తే ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా బండి నడుస్తుంది.

ఇలాంటి యాప్‌లతో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకుల్ని హెచ్చరించింది. పేపర్లో చదివిన షాపు వాళ్లు ఇప్పటికీ భయపడతారు, భయపడాలి కూడా. నేను ఎవరికీ ఫోన్ చేసి పెన్‌డ్రైవ్ పెట్టమని అడగను. వాళ్లు చేస్తేనే. బ్యాంకు పేజీ తెరిచి ఉంటే మూసేదాకా కనెక్ట్ కాను. నా పేరు చెప్పి ఇంకెవరు అడిగినా పెట్టొద్దని పెన్‌డ్రైవ్‌కి కట్టిన అట్ట మీదే రాసి ఉంచాను.

రైస్ మిల్లులు రెండింటికీ మాత్రం ఈ పద్ధతి కుదరలేదు. అక్కడ రాత్రి బ్యాకప్ చూడాలి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ లోపలికి వెళ్లాలి. ఎదురుగా మనిషి లేకుండా పెన్‌డ్రైవ్‌తో అది కాదు. ఓనర్లతో మాట్లాడి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఇన్‌స్టాల్ చేశాను. ఆ మెడికల్ షాపు ఓనర్ గారు మాత్రం ఇప్పటికీ పెన్‌డ్రైవ్‌ని మేకుకు వదలరు. గల్లాపెట్టెలో పెట్టి తాళం వేస్తారు, నేను అడిగినప్పుడు తీసి ఆయనే పెడతారు.