పక్కకు జరగాలా, ఎత్తు మారాలా?

2017 జనవరి 7న అరేబియా సముద్రం మీద, మాలే నుంచి బెర్లిన్ వెళ్తున్న ఒక చాలెంజర్ 604 జెట్‌కు ఎదురుగా, దానికంటే వెయ్యి అడుగుల ఎత్తున వచ్చిన ఎ380 అనే భారీ ప్రయాణికుల విమానం దాటిపోయింది. నిమిషం తిరక్కుండానే, దాని రెక్కలు వదిలిన సుడిగాలిలో చిక్కి చిన్న జెట్ పల్టీలు కొట్టింది. సుమారు 9,000 అడుగులు కోల్పోయి, చివరికి మస్కట్‌లో దిగింది. లోపలున్నవాళ్ల పరిస్థితి తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఇలాంటప్పుడు పైలట్ ముందున్నవి రెండు దారులు.

ఒకటి ఆఫ్‌సెట్, అంటే మార్గానికి కాస్త పక్కగా ఎగరడం. సముద్రాల మీద ఈ పద్ధతి అమల్లో ఉన్న చోట, నేలమీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌ని అడక్కుండానే మార్గానికి కుడివైపు 2 నాటికల్ మైళ్ల దాకా జరగొచ్చు. సుడి మెల్లగా కిందికి దిగుతూ గాలివాటున కొట్టుకుపోతుంది. కాబట్టి గాలి కుడినుంచి వీస్తుంటే మనం జరిగినకొద్దీ అది దూరమవుతుంది. ఎడమనుంచి వీస్తుంటే మాత్రం అదీ మనవైపే వస్తుంది, అక్కడే ప్రమాదం. ఈ పద్ధతి అమల్లో లేని చోట అనుమతి తప్పనిసరి.

రెండోది ఎత్తు మారడం. పెద్ద విమానం కంటే పైకి వెళ్తే సుడి బెడదే ఉండదు. కానీ ఇంధనం నిండుగా ఉన్న విమానం అంత ఎత్తు ఎక్కలేకపోవచ్చు. పైగా ఎత్తు మారడానికి కంట్రోలర్ క్లియరెన్స్ (అనుమతి) వచ్చేలోపు ఎదురు విమానం దాటిపోవచ్చు.

అందుకే ఎదురెదురుగా వచ్చేటప్పుడు నా ఓటు ఆఫ్‌సెట్‌కే. అదే దిక్కులో, అదే దారిలో పెద్ద విమానం పైన ముందుగా వెళ్తుంటే ఎత్తు మార్పు అడగడమే మేలు.