పాత టోపో షీటు, ట్రేసింగ్ పేపరు, అమ్మమ్మ ఊరి కుంట: ఒక ప్రింటు షాపు రివ్యూ

షాపు పేరు మాత్రం అడగొద్దు. పని బాగానే చేశారు గానీ మధ్యలో ఒకసారి తప్పులో కాలేశారు, అంతమాత్రానికి వాళ్ల పేరు ఇక్కడ పెట్టి బజారుకీడ్చడం నాకు ఇష్టం లేదు. కోఠి దగ్గర ఒక సందులో బిల్డింగ్ ప్లాన్లు ప్రింటు తీసే షాపు అనుకోండి, చాలు. లోపల ఒక పెద్ద స్కానరు, గోడ పొడుగునా ప్రింటరు, ఓనర్ కూర్చునే స్టూలు, మనం నిలబడడానికి ఒక అడుగు జాగా.

నేను అక్కడికి తీసుకెళ్లింది ప్లాను కాదు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేస్తుంటే ఇంటర్ గైడ్ల కట్ట కింద మడతలు పెట్టిన ఒక పాత మ్యాపు దొరికింది. విప్పితే మూల మీద 56 కె/14 అని ఉంది. మ్యాపులు గీసే ప్రభుత్వ శాఖ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల పాత ఇంచి షీటు, అంటే కాగితం మీద ఒక అంగుళం, నేల మీద ఒక మైలు. గుట్టలూ వాగులూ రోడ్లూ ఊళ్లూ చూపించే ఇలాంటి మ్యాపునే టోపో షీటు అంటారు. అమ్మేవాడు 400 అన్నాడు, నేను కాసేపు పట్టించుకోనట్టు నటించాను, 150కి ఇచ్చాడు. నిజానికి 400 అయినా తీసుకునేవాణ్ణే.

ఆ నంబరు సంగతి తెలియనివాళ్లకి: 56 అంటే నాలుగు డిగ్రీల పొడవు, నాలుగు డిగ్రీల వెడల్పు ఉన్న పెద్ద గడి, దాన్ని ఏ నుంచి పి దాకా 16 ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్కని మళ్లీ 16 చేసి నంబర్లు వేస్తారు. మన హైదరాబాద్ చాలావరకు కె/7, కె/11 షీట్లలో పడుతుంది. కె/14లో పడేది భువనగిరి, మా అమ్మమ్మ వాళ్ల ఊరు. మ్యాపులో మాత్రం భోన్‌గిర్ అనే ఉంటుంది. హైదరాబాద్ వాళ్లకి 1908 వరదల తర్వాత లియోనార్డ్ మన్ అనే అధికారి చేయించిన మ్యాపులున్నాయి, వీధులూ ఇళ్లూ గీసి మరీ చూపిస్తాయి. చిన్న ఊళ్ల కోసం అంత ఓపిగ్గా ఎవరు గీస్తారు? మనకి ఈ టోపో షీట్లే దిక్కు.

ఇంకో తలనొప్పి ఏంటంటే మనక్కావలసిన ఊరు ఎప్పుడూ షీటు అంచునే పడుతుంది. కె/14కి కింది అంచు పదిహేడున్నర డిగ్రీల అక్షాంశ గీత, భువనగిరి దానికి కాస్త పైనే ఉంది, కాబట్టి షీటులో అడుగున ఇరుక్కుంది. కోట గుట్ట చుట్టూ ఎత్తుల్ని చూపించే కాంటూర్ గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోధుమరంగు మరకలా ఉంటాయి, అక్కడి నుంచి కిందికి బొటనవేలంత జాగా, ఆ తర్వాత మార్జినే. నల్లగొండ రోడ్డు వైపు చూడాలంటే కె/15 కావాలి. అది ఇప్పటిదాకా నాకు దొరకలేదు.

ఇక షాపు పని. మొదటిరోజు స్కాన్ చేసి ప్రింటు తీయమన్నాను. స్కాన్ చక్కగా వచ్చింది, మడతల దగ్గర చిరుగుల్ని వెనక టేపు వేయకుండా గాజు కింద సరిచేసి మరీ పెట్టాడు ఆ కుర్రాడు, అందుకు మెచ్చుకోవాలి. ఇంటికొచ్చి స్కూలు స్కేలు పెట్టి చూస్తే ఐదు మైళ్ల గీత 12.7 సెంటీమీటర్లు ఉండాల్సింది 11 కూడా లేదు! షీటు మార్జిన్లతో కలిపి ఎ2 కాగితంలో పట్టదు, పట్టేలా ప్రింటరే కుదించేసింది. ప్లానుల షాపువాళ్లకి స్కేలు గురించి నేను చెప్పాలా అని ఒళ్లు మండింది. మర్నాడు వెళ్లి అదే మాట అంటే, ఓనర్ వాదించలేదు, కుర్రాణ్ణి తిట్టలేదు, ఎ1 మీద వంద శాతంలో మళ్లీ తీసి డబ్బులు తీసుకోలేదు. మీరు ఎక్కడ తీయించినా కౌంటర్ దగ్గరే స్కేలు పెట్టి కొలవండి, మొహమాటపడొద్దు.

అసలు ఈ రివ్యూ రాయడానికి కారణం ఆ రెండో రోజే. నేను పక్కన ఇప్పటి షీటు కూడా పెట్టాను. 1:50,000 స్కేలుది, సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే పీడీఎఫ్ ఉచితం. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూపులు అటూ ఇటూ తిప్పుతూ పోలుస్తానని చెప్పాను. ఓనర్ నవ్వి, "అట్ల ఎట్ల కనిపిస్తది సార్" అని క్యాల్‌కులేటర్ తీశాడు. పాతది 63,360కి ఒకటి (మైలుకి అన్ని అంగుళాలు), కొత్తది 50,000కి ఒకటి, అంటే పాతదాన్ని 127 శాతానికి పెంచితే దాదాపు సరిపోతుంది. అలా పెంచి, భువనగిరి చుట్టుపక్కల ముక్క వరకే ట్రేసింగ్ పేపరు మీద నల్ల ఇంకులో తీసి, కింద కొత్తది పరిచి పైన పెట్టాడు. ముందు అక్షాంశ రేఖల్ని కలపబోతే ఊరు పక్కకి జరిగింది, ఎందుకంటే భూమి ఆకారాన్ని పాత షీట్లు ఎవరెస్ట్ స్ఫెరాయిడ్ అనే లెక్కన, కొత్తవి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనే లెక్కన తీసుకుంటాయి, అందుకే రెంటిలో అక్షాంశ గీతలు ఒకేచోట పడవు. గీతలు వదిలేసి గుట్టనీ రైలు పట్టాలనీ కలపమన్నాను. పట్టాలు కదలవు కదా, 1889లో బెజవాడ దాకా పూర్తయిన నిజాం లైను అది. కూర్చుంది. పాత రోడ్డు ఊరి మధ్య నుంచి పోతుంటే కింద కొత్త హైవే ఊరిని తప్పించుకుని పోతోంది, షాపులో ప్రింటు కోసం నిలబడ్డ ఇద్దరు కూడా వంగి చూశారు.

ఆ ట్రేసింగ్ పేపరు చుట్టుకుని సికింద్రాబాద్‌లో రైలెక్కి మామ దగ్గరికి వెళ్లాను. ఆయన ఇంటికి దగ్గర్లో పాత షీటు మీద ఒక చిన్న నీలం మరక, దాని ఒక పక్కన కట్ట గుర్తు, పక్కనే 6ఆర్ అని ఉంది. ఆ అంకె కట్ట ఎత్తు చెబుతుంది, సముద్రమట్టం నుంచి కాదు, పక్క నేల నుంచి. పాత షీటు కాబట్టి ఆరడుగులు. కొత్త షీటులో అక్కడ ఏమీ లేదు.

"మామా, ఈడ కుంట ఉండెనా?" అన్నా.

"ఉండకేంరా, గా కట్ట మీదికెళ్లే మేం బడికి పోయేటోళ్లం. బతుకమ్మలు గీడనే ఏసేటోళ్లు. నీకెవలు చెప్పిన్రు?"

ఇద్దరం నడిచి వెళ్లాం. ఇళ్ల మధ్య సందు, మామూలు సీసీ రోడ్డు, ఒకచోట మాత్రం ఎందుకో ఎత్తుగా లేచి మళ్లీ దిగుతుంది. మేం నిలబడ్డ ఐదు నిమిషాల్లో రెండు ఆటోలు అక్కడ గేరు మార్చి ఎక్కాయి. ఆ ఎత్తే కట్ట. దానికి అవతల వైపు ఇళ్లకి గుమ్మాల ముందు మోకాలెత్తు గోడలు కట్టుకున్నారు, వానొస్తే నీళ్లు రాకుండా. మామ ఆ గోడల్ని రోజూ చూస్తాడు, నేను చిన్నప్పటి నుంచి చూశాను, ఇద్దరికీ ఎప్పుడూ అనుమానం రాలేదు. ట్రేసింగ్ పేపరు మీద మామ వేలు పెట్టి అలుగు ఎటు పారేదో చూపించాడు, మ్యాపులో వాగుకి గీసిన చుక్కల గీత కూడా అటే ఉంది.

ఫోన్‌లోనే పాత మ్యాపుని సర్ది జీపీఎస్ చుక్కతో నడవొచ్చు, నేనూ చేశాను, కచ్చితత్వం దానిదే ఎక్కువ. కానీ ఫోను మామ చేతికిస్తే వేలు తగిలినప్పుడల్లా మ్యాపు ఎటో జారిపోతుంది, ఆయన విసుక్కుని తిరిగిచ్చేశాడు. కాగితమైతే తిన్నె మీద పరిచాక పక్కింటి పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నాడు.

ఒక మాట, షీటు కొనేముందు మార్జిన్‌లో సర్వే చేసిన సంవత్సరం చూడండి, అచ్చేసిన సంవత్సరం కాదు. రెంటి మధ్య చాలా ఏళ్లు ఉండొచ్చు, మళ్లీ అచ్చేసినప్పుడు రోడ్లో పేర్లో సరిచేసి మిగతాది అలాగే వదిలేసి ఉండొచ్చు కూడా. మ్యాపులో కుంట ఉంది కాబట్టి అచ్చేసిన ఏడాదికీ ఉందని అనుకోవద్దు. ఇది తెలియక మొదట నేను మామతో కాసేపు అనవసరంగా వాదించాను.

షాపుకి నాలుగు స్టార్లు ఇస్తాను. ఒకటి ఆ కుదించిన ప్రింటుకి కోత. స్కానింగ్, ఎ1 ప్రింటు, ట్రేసింగ్ పేపరు అన్నీ కలిపి ఫుట్‌పాత్ మీద షీటుకి పెట్టినదానికంటే ఎక్కువే అయింది, అయినా బాధ లేదు. ఉదయం వెళ్లండి, సాయంత్రం ఇంజనీరింగ్ పిల్లల డ్రాయింగులతో నిండిపోతుంది. ఆదివారం షాపు మూసి ఉంటుంది, ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలేమో ఆదివారమే, కాబట్టి షీటు దొరికిన రోజే ప్రింటు కూడా తీయించేద్దామని నాలాగా ఎండలో కోఠి దాకా నడవొద్దు. ఎవరికైనా 56 కె/15 పాత ఇంచి షీటు దొరికితే చెప్పండి, ఈసారి బేరమాడను.