పారదర్శకతకు బయటి నిపుణులు: టెండరు దారి మేలా, ప్రజాసంఘం దారి మేలా?

తన రికార్డులను జనం ముందు పెట్టాలని ప్రభుత్వం చిత్తశుద్ధితోనే అనుకున్నా, ఆ పని జరిపించే నేర్పు దాని సిబ్బందిలో సాధారణంగా ఉండదు. ఫైలును భద్రంగా దాచడమే ఉద్యోగధర్మమని ముప్పై ఏళ్లు నేర్చుకున్న గుమాస్తాను, అదే ఫైలును రచ్చబండ దగ్గర చదివి వినిపించమంటే తడబడక ఏం చేస్తాడు? అందుకే బయటివారిని పిలవక తప్పదు. టెండరు వేసి ఒక సంస్థను కుదుర్చుకోవడం, ప్రజా ఉద్యమాల్లో ఆరితేరినవారిని తోడు తెచ్చుకోవడం, అంతర్జాతీయ కూటమి ద్వారా ఇతర దేశాల అనుభవజ్ఞులను వెతుక్కోవడం అనే మూడు దారులున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పథకం మొదటి రెండు దారుల్లోనూ నడిచింది కాబట్టి పోలిక అక్కడి నుంచే మొదలుపెట్టడం న్యాయం.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం ప్రారంభమైంది. రాష్ట్రంలో దానికి కంప్యూటర్ వ్యవస్థను టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తయారు చేసింది. పని అంచనా, మస్టరు (కూలీల హాజరు పట్టీ), కొలతలు, కూలి చెల్లింపు ఒకే వరుసలో నమోదై, ఆ వివరాలు ఎవరైనా వెబ్‌సైటులో చూసుకునే వీలు కలిగింది. టెండరు దారిలోని బలం ఇదే: ఏం కావాలో ఒప్పందంలో రాసుకోవచ్చు, గడువు పెట్టవచ్చు, రాష్ట్రమంతటికీ ఒకేసారి అందించవచ్చు. అయితే ఒప్పందం మీద వచ్చిన నిపుణుడు శాఖ అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతాడు, అడగనిదాని జోలికి పోడు. అది అతని తప్పు కాదు, ఒప్పందపు స్వభావమే అంత. మస్టరులో దొంగపేరు ఎక్కితే కంప్యూటరు దాన్ని కూడా అంతే శుభ్రంగా అచ్చు వేసి చూపిస్తుంది.

ఆ దొంగపేరును పట్టే విద్య రాజస్థాన్ నుంచి వచ్చింది. అక్కడి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి ఊరి నడుమ ‘జన్ సున్‌వాయీ’లు, అంటే బహిరంగ విచారణలు, జరిపి, పంచాయతీ బిల్లులను కూలీల ఎదుటే చదివి వినిపించేది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ ఆ అనుభవం ఉన్నవారిని పిలిచి శిక్షణ ఇప్పించింది. 2009లో సామాజిక తనిఖీకి, అంటే పథకం లెక్కలను జనం మధ్యే సరిచూసే పనికి, ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. రాజస్థాన్ సంఘటన్‌లో పనిచేసిన సౌమ్య కిడాంబి ఈ సొసైటీకి సారథ్యం వహించారు.

తనిఖీ జరిగే తీరును దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. కూలీల కుటుంబాల నుంచే ఎంపికైన యువతీయువకులు, తమ సొంత ఊరు కాని ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతారు. గడపలో కూర్చుని జాబ్ కార్డు, పాసు పుస్తకం చేతికి తీసుకుని, మస్టరులోని రోజులను ఒక్కొక్కటే చదువుతారు. ‘‘ఆ వారం ఆరు రోజులు పనికి వెళ్లావా అమ్మా?’’ అని అడిగితే, ‘‘ఆ వారం నేను ఊళ్లోనే లేను కదా’’ అన్న ఒక్క మాటతో ఏ సాఫ్ట్‌వేరూ చూపలేనిది బయటపడుతుంది. తరువాత టేపు పట్టుకుని చెరువు పూడికతీతను కొలుస్తారు. చివరికి మండల స్థాయి ప్రజావేదికలో, అధికారుల సమక్షంలో, మైకులో అందరూ వింటుండగా ఆ తేడాలను చదువుతారు.

ఈ దారి నిలబడటానికి నిపుణుల మంచితనం ఒక్కటే చాలలేదు. పథకం ఖర్చులో అర శాతాన్ని తనిఖీకి కేటాయించడంతో, తాము ఎవరి లెక్కలు చూస్తున్నారో ఆ అధికారి దగ్గరకే ప్రతిసారీ డబ్బు కోసం వెళ్లవలసిన అవస్థ తగ్గింది. అయినా లోపం లేకపోలేదు. తప్పు కనిపెట్టడం తనిఖీ బృందం పని, శిక్షించడం, సొమ్ము రాబట్టడం శాఖ పని. ఈ రెండింటి మధ్యే కేసులు ఏళ్ల తరబడి నలుగుతాయి. బయటపడిన మొత్తంతో పోలిస్తే రాబట్టింది కొద్దిపాటే.

మూడో దారి గురించి రెండు మాటలు చాలు. 2011 సెప్టెంబరులో అమెరికా, బ్రెజిల్ సహా ఎనిమిది దేశాలు బహిరంగ ప్రభుత్వ భాగస్వామ్య కూటమిని (ఓపెన్ గవర్నమెంట్ పార్ట్‌నర్‌షిప్) ప్రారంభించాయి. తొలి సన్నాహాల్లో ఉన్న భారతదేశం ఆవిష్కరణకు ముందే తప్పుకుంది. సభ్యదేశం పౌరసంఘాలతో కలిసి కార్యాచరణ ప్రణాళిక రాయడం, దాన్ని స్వతంత్ర సమీక్షకులు పరిశీలించడం ఈ కూటమి పద్ధతి. పారదర్శకత కోసం చట్టం చేయబోయే దేశం, తనకన్నా ముందు అలాంటి చట్టం తెచ్చిన దేశం నుంచి అనుభవజ్ఞుడిని రప్పించుకోవడం చట్టం రాసే దశలో ఎంతో మేలు చేస్తుంది, కానీ ఆ నిపుణుడు మన కొలతల పుస్తకాన్ని చదవలేడు.

కాబట్టి చట్టానికి మూడో దారి, యంత్రాంగానికి మొదటిది, నిజానిజాలు తేల్చడానికి రెండోది అని విభజించుకోవచ్చు. మొదటి రెంటిలో ఒకదానికే నిధులున్న శాఖ అయితే, ముందు తనిఖీ బృందాలనే తయారు చేసుకోవాలని నా అభిప్రాయం. ఎందుకంటే గడపలో వాళ్లు అడిగే ప్రశ్నలను బట్టే, ఏ వివరాలు, ఏ భాషలో, పని జరిగిన ఎన్ని రోజుల్లోపు బయటపెట్టాలో తరువాతి టెండరు పత్రంలో రాసుకోవచ్చు.