రెండు నెట్ లైన్లకి ఒకే డబ్బా: టీపీ-లింక్ ఈఆర్605

నెట్ పోయిన ప్రతిసారీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసుకుని ఆఫీస్ కాల్‌లోకి మళ్లీ పరిగెత్తేవాళ్ల కోసం ఈ రౌటర్. వైఫై ఇందులో లేదు, ముందే చెప్తున్నా. పాత వైఫై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై మాత్రమే ఇచ్చే డబ్బాగా మార్చి దీనికి తగిలించుకోవాలి. ఐదు గిగాబిట్ పోర్టుల్లో ఒకటి బయటి లైన్‌కే, మిగతావాటిలో కొన్నిటిని బయటి లైన్‌కి వాడాలో, ఇంటి నెట్‌వర్క్‌కి వాడాలో మన ఇష్టం. వెర్షన్ 2లో యూఎస్‌బీకి సిమ్ వేసే 4జీ డాంగిల్ కూడా పెట్టుకోవచ్చు.

100 ఎంబీపీఎస్ లైనూ 50 లైనూ కలిపితే 150 వస్తుందనుకుని మాత్రం కొనకండి. లోడ్ బ్యాలెన్సింగ్ అంటే కనెక్షన్లని పంచడమే, మీ సినిమా ఒక లైన్‌లో, పిల్లల క్లాసు ఇంకో లైన్‌లో వెళ్తాయి, ఒక్క ఫైల్ డౌన్‌లోడ్‌కి ఒక్క లైన్ స్పీడే దక్కుతుంది. స్పీడ్ టెస్ట్ ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది కాబట్టి అందులో 150 కనిపించినా మురిసిపోనక్కర్లేదు. రెండు లైన్ల స్పీడ్ సెట్టింగ్స్‌లో సరిగ్గా నింపండి, ఆ లెక్కనే పంచుతుంది. అప్లికేషన్ ఆప్టిమైజ్డ్ రూటింగ్ (ఒక సైట్ పనంతా ఒకే లైన్‌లో నడిపే సెట్టింగ్) కూడా ఆన్‌లో ఉండాలి, లేకపోతే ఐపీ, అంటే నెట్‌లో మీ లైన్ అడ్రస్, మధ్యలో మారిందని బ్యాంకు సైట్లు బయటికి తోసేస్తాయి.

నా దృష్టిలో దీని అసలు విలువ లింక్ బ్యాకప్‌లో ఉంది. మెయిన్ లైన్ పడిపోతే రెండోదానికి తనే మారుతుంది, మెయిన్ తిరిగి వచ్చాక తనే వెనక్కి వెళ్తుంది. మారేటప్పుడు ఐపీ మారుతుంది కాబట్టి వీడియో కాల్ కాసేపు ఆగి మళ్లీ కలుస్తుంది, అంతకంటే ఆశించొద్దు. చాలామంది వదిలేసేది ఆన్‌లైన్ డిటెక్షన్, అంటే లైన్‌లో నెట్ నిజంగా వస్తోందా అని చూసే సెట్టింగ్. ఫైబర్ డబ్బా మీద లైట్లన్నీ పచ్చగా వెలుగుతూనే ఉంటాయి, కానీ వెనకాల ఎక్కడో నెట్ చచ్చి ఉంటుంది, మా లైన్‌కి ఇది మామూలే. అందుకే ఆ సెట్టింగ్‌లో మాన్యువల్ పెట్టి 8.8.8.8 లాంటి బయటి అడ్రస్‌కి పింగ్ చేయించండి, అంటే అక్కడి నుంచి జవాబొస్తుందో లేదో చూడమనండి.

సెటప్ మొదటిసారి కాస్త విసిగిస్తుంది. దీని అడ్రస్ 192.168.0.1, మీ ఫైబర్ డబ్బాదీ అదే అయితే గొడవ, ఏదో ఒకటి మార్చాల్సిందే.

ఇంకోటి, రెండు ఫైబర్లూ ఒకే కరెంటు స్తంభం మీంచి వస్తుంటే, కేబుళ్లు కత్తిరించినరోజు రెండూ కలిసే పోతాయి. రెండోది తీగ లేకుండా టవర్ నుంచి వచ్చే 5జీ ఎయిర్‌ఫైబర్ లాంటిది తీసుకోండి, డబ్బాలన్నిటినీ యూపీఎస్‌కి కలపండి.