1972 వెండి పది రూపాయలు: పెద్ద బిళ్ల, సగం వెండి

స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయినందుకు 1972లో మన టంకశాలలు కొట్టిన పది రూపాయల నాణెం సైజుతోనే ఆకట్టుకుంటుంది. అడ్డంగా 39 మిల్లీమీటర్లు, బరువు 22.5 గ్రాములు. ఒకవైపు పార్లమెంటు భవనం, జెండాతో జంట; రెండోవైపు మూడు సింహాలు. వెండి కోసమే కొనేవాళ్లు మాత్రం కాస్త లెక్క వేసుకోవాలి. ఇందులో వెండి సగమే, 11.25 గ్రాములు. మిగతాది 40 శాతం రాగి, చెరో ఐదు శాతం నికెల్, జింకు. 1969 గాంధీ శతజయంతి పది రూపాయలు 15 గ్రాములే అయినా 80 శాతం వెండి, అంటే 12 గ్రాములు. చిన్న బిళ్లలోనే వెండి ఎక్కువన్నమాట!

కాబట్టి 1972 నాణేనికి విలువంతా దాని మెరుపులోనే. దీపం కింద వాల్చి మెల్లగా తిప్పండి. చెయ్యి పడని నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. తోమినదాని మీద తిరగదు. భూతద్దంలో సన్నటి గీతలు ఒకే దిక్కుకు కనిపిస్తాయి. రాగి పాలు ఎక్కువ కాబట్టి ఇది తొందరగా నల్లబడుతుంది, దాన్ని పళ్లపొడితో రుద్ది కొత్తదని అమ్ముతారు. నల్లబడిందే నయం. తోమినదానికి వెండి ధర మించి ఇవ్వక్కర్లేదు.

నకిలీ అనుమానం ఉంటే, 0.01 గ్రాము చూపే త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో వేలాడదీసి, అడుగుకీ అంచుకీ తగలకుండా పూర్తిగా ముంచండి. 2.36 దగ్గర ఆగాలి. అదే బరువున్న కప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) బిళ్ల 2.5 దాటుతుంది. బుడగలు అంటుకుంటే అంకె పెరుగుతుంది, దులిపి మళ్లీ చూడాలి. అరిగిన నాణేనికైతే దాని బరువును, ముంచినప్పుడు త్రాసు చూపిన అంకెతో భాగించండి, 9.5 చుట్టుపక్కల రావాలి. తర్వాత అద్ది ఆరబెట్టాలి, తుడవకూడదు.

నాణెం మీద సంవత్సరం దగ్గర వజ్రం గుర్తుంటే అది బొంబాయి టంకశాలది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది.

మెత్తటి ప్లాస్టిక్ కవర్లో వచ్చిందా, వెంటనే బయటికి తీయండి. పీవీసీ కవర్లు పచ్చటి జిగురు వదులుతాయి. అది పట్టినా రుద్దొద్దు, అసిటోన్ అనే ద్రావకంలో కాసేపు నానబెట్టి 39 మిల్లీమీటర్ల గట్టి క్యాప్సూల్‌లోకి (నాణెం దాచే డబ్బీ) మార్చండి.