ముసలి పిల్లికి ముందంచు తగ్గించిన లిట్టర్ ట్రే: వాడాక నా అభిప్రాయం

కీళ్ల నొప్పులున్న పిల్లి ఇంట్లో ఉంటే మందుల తర్వాత నేను కొనమని చెప్పేది ఇదే. మూడు వైపులా ఎత్తుగా, ముందువైపు మాత్రం నాలుగు వేళ్ల ఎత్తులో ఉండే ప్లాస్టిక్ ట్రే. ఇందులో లిట్టర్, అంటే పిల్లి మలమూత్రాలకి వాడే ఇసుకలాంటిది, పోసి పెడతాం.

మా చుక్కికి 14 ఏళ్లు. ట్రే బయట మూత్రం పోస్తుంటే ఇంట్లోవాళ్లు మొండితనం అనుకున్నారు. కానీ పాపం, అది ట్రే దాకా వెళ్లేది. ముందుకాళ్లు లోపల పెట్టేది, వెనకకాళ్లు ఎత్తబోయి ఆగిపోయి, అలాగే సగం లోపల సగం బయట కూర్చునేది. నడుము దగ్గర బొచ్చు ఉండలు కట్టింది, ఎందుకంటే అక్కడిదాకా వంగి నాక్కోలేకపోతోంది. కిటికీ మీదకి ఒక్క గెంతులో ఎక్కేది కాస్తా కుర్చీ చూసుకుని ఎక్కడం మొదలుపెట్టింది.

ఇవన్నీ ఇంట్లో వీడియో తీసి పశువుల డాక్టర్‌కి చూపించాను. క్లినిక్‌లో భయంతో బిగుసుకుపోయే పిల్లి నడక చూసి ఏం తెలుస్తుంది! తుంటి కీళ్లు కదిపి చూసి, ఎక్స్‌రే తీసి ఆర్థరైటిస్ అన్నారు. 12 ఏళ్లు దాటిన పిల్లుల్లో దాదాపు 90 శాతానికి ఎక్స్‌రేలో కీళ్ల అరుగుదల కనిపిస్తుందట. చాలాసార్లు రెండు పక్కలా ఒకేలా అరుగుతాయి కాబట్టి కుంటదు, మనకి తెలియదు.

ఇక ట్రే సంగతి. చుక్కి మొదటిసారే తడబడకుండా లోపలికి నడిచింది. పొడవు కూడా సరిపోయింది. ముక్కు నుంచి తోక మొదలు వరకు కొలిచి, దానికి ఒకటిన్నర రెట్లున్నది తీసుకున్నాను, లోపల తిరగడానికి నడుము మెలిపెట్టక్కర్లేదు. లిట్టర్ మాత్రం రెండంగుళాలకి మించి పోయకండి, లోతుగా ఉంటే కాళ్లు దిగబడి నొప్పి పెరుగుతుంది. సన్నగా, వాసన లేనిదైతే మంచిది.

లోపాలూ ఉన్నాయి. ముందు నుంచి లిట్టర్ బాగా చిందుతుంది, కింద మ్యాట్ తప్పనిసరి. నున్నటి నేల మీద ట్రే జారుతుంది. కాలు పెట్టగానే కదిలితే ముసలి పిల్లి భయపడిపోతుంది, అందుకే అడుగున రబ్బరు ముక్కలు అంటించాం. మూలల్లో గాడులుండటంతో కడగడం విసుగే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ట్రే మారిస్తే ఇబ్బంది తగ్గుతుంది, నొప్పి తగ్గదు. నొప్పికి డాక్టర్ రాసిన మందే వాడాలి. మనం వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్రతో కూడా పిల్లి ప్రాణం పోవచ్చు.

నిలబడి మూత్రం పోసే పిల్లికి ఇది సరిపడదు, వెనక గోడ ఇంకా ఎత్తున్నది చూడండి. ఇంట్లో మెట్లుంటే పైన ఒకటి, కింద ఒకటి పెట్టండి.