జిప్సీ హెడ్, బలేనో బ్లాకు: ఇన్నేళ్లు నడిపాక

నా మారుతి జిప్సీ ఇంజన్‌కి కింది భాగం (బ్లాకు) పాత బలేనో కారుది వేయించి, పైభాగం (హెడ్) జిప్సీదే ఉంచాను. ముందు సెకండ్ గేర్ సంగతి చెప్పాలి. బత్తాయి లోడుతో తోటలోంచి చెరువు కట్ట ఎక్కాలంటే నా జిప్సీ ఒకప్పుడు ఫస్ట్ గేర్‌లో కూడా రేస్ పెంచితే తప్ప కదిలేది కాదు. ఇప్పుడు అదే కట్ట సెకండ్‌లో, కాలు పెట్టీ పెట్టనట్టు పెడితే చాలు, నిమ్మళంగా ఎక్కేస్తుంది. ఈ ఒక్క సుఖం ముందు పెట్టిన ఖర్చు నాకు ఖర్చనిపించదు.

జిప్సీ 1298 సీసీ ఇంజన్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నా బండికి కింద భాగమంతా అరిగి పొగ వదులుతూ ఆయిల్ తాగేది, హెడ్ మాత్రం దిట్టంగా ఉంది. సరిగ్గా అప్పుడే దేవరకొండలో తెలిసినవాళ్ల దగ్గర పాత బలేనో 1.6 ఇంజన్ దొరికింది. దాని బ్లాకు, క్రాంకు బాగున్నాయి, హెడ్ హీటెక్కి వంగిపోయింది. రెండూ సుజుకీ జీ సిరీస్ ఇంజన్లే కాబట్టి జిప్సీ హెడ్ బలేనో బ్లాకు మీద బోల్టులతో సహా కూర్చుంటుంది. బలేనో బ్లాకు ఎత్తెక్కువ గనుక టైమింగ్ బెల్టు దానిదే వేయాలి. హెడ్ గ్యాస్‌కెట్ కూడా 1.6దే. సంపు (కింద ఉండే ఆయిల్ తొట్టి), ఆయిల్ పీల్చే పైపు మాత్రం జిప్సీవి.

బోరులో, అంటే సిలిండరు వెడల్పులో, పెద్ద తేడా లేదు, 74 మిల్లీమీటర్లకు బదులు 75. కథంతా స్ట్రోకులో, అంటే పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరంలో ఉంది: 75.5 ఉన్నది 90 అయింది. ఆ లాగుడంతా దానిదే.

చిక్కు కూడా దానిదే. మే నెలలో ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్లి తిరిగొస్తున్నాం. కృష్ణ దాటి ఈగలపెంట ఘాట్ ఎక్కుతుంటే, మలుపు తిరిగి కాలు నొక్కిన ప్రతిసారీ బానెట్ కింద డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు. టెంపరేచర్ ముల్లు దాని చోట అది ఉంది, నీళ్లు తగ్గలేదు. కాలు తీస్తే చప్పుడు పోతుంది, నొక్కితే మళ్లీ వస్తుంది. రాత్రి 9 దాటితే అడవి దారి మూసేస్తారు, ఈలోగా మన్ననూరు గేటు దాటాలి. ఈగలపెంటలో పక్కకు ఆపి, ఇంజన్ చల్లారాక ఒక ప్లగ్ విప్పి చూశాను. గోధుమ రంగులో ఉండాల్సిన పింగాణీ తెల్లగా పాలిపోయి ఉంది. దాని అంచున సూదిమొనంత వెండి రంగు చుక్కలు. అవి పిస్టన్ కరిగి ఎగిరిన అల్యూమినియం అని తెలిసినవాళ్లకు గుండె ఝల్లుమంటుంది. ఆ రాత్రి డిండి దాకా నలభై దాటకుండా తెచ్చాను, వెనక సీట్లో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంజన్ కట్టిన వర్క్‌షాప్ మీద నా కోపం ఇంకా తగ్గలేదు. "ఇంజెక్టర్లు పాతవే ఉండనీ అన్నా, మిగతాది కంప్యూటరే సూస్కుంటది" అని పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల గురించి గట్టిగా చెప్పారు. కంప్యూటర్ చూసుకోదు. మానిఫోల్డ్‌లో (ఇంజన్‌కి గాలి వెళ్లే గొట్టంలో) ప్రెషర్, ఇంజన్ స్పీడు చూసి, తనది 1298 సీసీ అన్న లెక్క మీదే పెట్రోలు పోస్తుంది. ఇంజన్ 1590 అయిన సంగతి దానికి తెలియదు. కాలు పూర్తిగా నొక్కినప్పుడు కావాల్సిన దానికంటే దాదాపు 18 శాతం తక్కువ పోసినట్టు. దానికి తోడు కంప్రెషన్. సిలిండరుకు 325 సీసీ ఉన్నది 398 అయింది, హెడ్‌లో పెట్రోలు మండే గది మాత్రం అంతే చిన్నది. ఎక్కువ సరుకును అదే ఇరుకులో కుక్కితే, నేను అప్పుడు పోసిన 91 ఆక్టేన్ పెట్రోలు (ఆక్టేన్ ఎంత ఎక్కువైతే అంత తట్టుకుంటుంది) నిప్పురవ్వ రగిల్చిన మంట తన దాకా వచ్చేదాకా ఆగదు, తనంతట తానే ముందే పేలుతుంది.

నల్లగొండలో ఇంకో మేస్త్రీ దాన్ని దారికి తెచ్చాడు. హెడ్ తిరగేసి, గది మీద చిల్లున్న అద్దం ముక్క గ్రీజుతో అంటించి, సిరంజితో కిరోసిన్ పోస్తూ ఒక్కో గది ఎన్ని సీసీలో కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. మొదటి వర్క్‌షాప్ చేయాల్సిన మొదటి పని ఇది. ఒక పిస్టన్ అంచు తినేసి ఉంది. నాలుగూ మార్చి, ఆ ఇరుకు తగ్గేలా కొత్తవాటి నెత్తిన లేత్ మీద కొద్దిగా గుంట తీయించి, బలేనో ఇంజెక్టర్లు వేశాడు. ఆ తర్వాత అదే ఘాట్‌లో ఆ చప్పుడు వినలేదు.

లాగుడు గురించి పైన చెప్పింది కింది స్పీడుల వరకే. చిన్న ఇంజన్ హెడ్ కదా, 4500 ఆర్‌పీఎం దాటితే దానికి ఊపిరి ఆడదు. విజయవాడ హైవే మీద ఓవర్‌టేక్ చేయాలంటే పాత ఇంజనే ఉత్సాహంగా పరిగెత్తేదేమో అనిపిస్తుంది. మైలేజీ కూడా తగ్గింది. ఎండాకాలంలో లోడుంటే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తాను, మా వైపు అన్ని బంకుల్లో అది దొరకదు. ఇంజన్ నంబర్ బ్లాకు మీద ఉంటుంది కాబట్టి ఆర్‌సీలో మార్పించుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ముందే అనుమతి తీసుకోవాలి. ఆ తిరుగుడు వేరే.

నాకు తోట ఉంది, కట్టలు, గుట్టలు ఉన్నాయి, పిలిస్తే పలికే మేస్త్రీ ఉన్నాడు. అందుకే నాకు ఇది కుదిరింది. బండి రోజూ హైదరాబాద్ పోయి రావాల్సినవాళ్లకు ఇది చెప్పను. మంచి హెడ్‌తో సహా బలేనో ఇంజన్ మొత్తంగా దొరికితే, దాని కంప్యూటర్, వైరింగ్ కూడా కలిపి కొనుక్కోవడమే నయం. హెడ్ పోయిన ఇంజనే చేతికొస్తే మాత్రం, మేస్త్రీ దగ్గర సిరంజి, అద్దం ముక్క ఉన్నాయో లేవో అడిగాకే అడ్వాన్స్ ఇవ్వండి.